సౌండు పెంచిన ఇల్లు

మా ఇంట్లో టీవీ రిమోటు నా బాధ్యత. మిగతా ఇళ్లలో అది మగవాళ్ల చేతిలోనో పిల్లల చేతిలోనో ఉంటుంది. మా ఇంట్లో మాత్రం నాతో పాటే తిరుగుతుంది. వంటింట్లో ఉంటే ఉప్పు డబ్బా పక్కన, బట్టలు ఆరేస్తుంటే క్లిప్పుల బుట్టలో, బజారుకెళ్తే పొరపాటున నా సంచిలో. మా ఆడపడుచు "వదినా" అని ఒక రకంగా పిలుస్తుంది. ఆ పిలుపు చివర్లో సాగి, తెగిపోతుంది. అది వినపడగానే నేను ముందు టీవీ సౌండు పెంచాలి, ఆ తర్వాతే పరిగెత్తి ఆమెను పట్టుకోవాలి. వరస అదే. మా అత్తగారు నేర్పి పోయిన వరస.

ఆడపడుచుకి ఫిట్స్ వస్తాయి. పావడాలు వేసుకునే వయసులోనే మొదలయ్యాయట. అప్పట్లో రేడియో ఉండేది. "పెళ్లి కావలసిన పిల్ల. నలుగురికీ తెలిస్తే ఇంక గుమ్మం తొక్కేవాడుండడు" అని అత్తగారు రేడియో చెవి మెలిపెట్టేవారు. పెళ్లి ఎలాగూ కాలేదు. అత్తగారు పోయారు. రేడియో పోయి టీవీ వచ్చింది. దాచడం మాత్రం పోలేదు. ఇప్పుడెందుకు దాస్తున్నామని అడిగితే, ఇన్నాళ్లూ దాచాం కాబట్టి అనడం తప్ప మా ఇంట్లో ఎవరి దగ్గరా వేరే జవాబు లేదు.

మొదట్లో నేను పాటలు పెట్టేదాన్ని. కింది వాటాలో ముసలాయన పోయిన రోజునే ఈవిడ కూడా పడింది. నేను కంగారులో డాన్సు పాట ఒకటి ఇల్లదిరేలా పెట్టాను. కింద శవం ఉంది, పైన డప్పులు. ఆ ఇంటి కోడలు మెట్ల మీద నిలబడి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. అప్పటినుంచి వార్తలు పెడుతున్నాను. వార్తల చర్చని మించిన ముసుగు లేదు. నలుగురు ఒకేసారి అరుస్తారు, ఒకడు బల్ల గుద్దుతాడు, మధ్యలో కూర్చున్నవాడు అందరికంటే ఎక్కువ అరిచి అరవొద్దంటాడు. ఆ గోలలో మనిషి పళ్లు పటపటలాడే చప్పుడు, మడమలు నేలకేసి కొట్టుకునే చప్పుడు ఏవీ గడప దాటవు.

మా ఆయన రాజకీయ జీవితం అలా మొదలైంది.

ఆయన గోడౌనులో స్టోర్ కీపరు. నోట్లో నాలుక లేని మనిషి. కూరగాయల వాడు కళ్లెదురుగా కుళ్లిన టమాటాలు తూచినా "పోనీలే, వాడు మాత్రం ఏం చేస్తాడు" అని తెచ్చుకునే రకం. ఒకరోజు పొద్దున్న గడ్డం గీయించుకోడానికి సెలూన్‌కి వెళ్తే ఆ సెలూనతను అడిగాడట:

"ఏంటి సార్, నిన్న సాయంత్రం మీ ఇంట్లో చర్చ మా కొట్టు దాకా వినపడింది? బడ్జెట్టు మీదేనా?"

మా చెల్లెలు పడింది అని చెప్పకూడదు కదా. ఈయన "మరే. ఈ ప్రభుత్వానికి ఖర్చుపెట్టడం తెలుసు గానీ ఎవరి మీద పెట్టాలో తెలీదు" అన్నాడట. పక్క కుర్చీలో సగం గడ్డంతో ఉన్న మనిషి తల తిప్పి చూసి, "బాగా చెప్పారండీ" అన్నాడట. అంతవరకూ ఈయన చెప్పిన దాన్ని బాగుందన్నవాడు లేడు. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పాడు, మళ్లీ చెప్పాడు, అన్నం తింటూ ఇంకోసారి చెప్పాడు. అప్పుడే అనుకున్నాను, మా కొంప మునిగిందని.

ఆ తర్వాత చెల్లెలు పడకపోయినా టీవీ పెట్టడం మొదలైంది. వీధి కుక్కలకు ఆపరేషన్లా, అవి ఓటేస్తాయా? స్పీడు బ్రేకర్లు వేసేది ప్రాణాలు కాపాడ్డానికి కాదు, డాక్టర్లకి నడుము నొప్పి కేసులు రావడానికి. బస్సుల్లో ముసలివాళ్లకు టిక్కెట్టు తీసేస్తే ముసలివాళ్లంతా ఊరి మీద పడతారు, ఇంట్లో ఉండమని చెప్పండి. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క అభిప్రాయం, అన్నీ మనుషులకు వ్యతిరేకంగానే. సభలో మాట్లాడే వాళ్లలాగా చెయ్యెత్తి "అధ్యక్షా!" అని మొదలుపెట్టేవాడు కాబట్టి వీధిలో ఆయనకు అదే పేరైపోయింది. "అధ్యక్షా వచ్చాడు, కుర్చీ ఇవ్వండి" అనేవాళ్లు. వాళ్లు ఎగతాళిగా అంటున్నారని నేను చెప్తే నన్ను చూసి జాలిపడేవాడు.

చెల్లెలు మాత్రం పడమటి గదిలో కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుట్టుకునేది. వీధి చివర టైలరు చొక్కాలు పంపిస్తాడు, ఈవిడ కాజాలు, హుక్కులు, అంచులు చేత్తో కుట్టి పంపుతుంది. మిషను తొక్కకూడదన్నాడు డాక్టరు, సూది కదులుతుండగా పడితే వేళ్లు పోతాయని. మెట్లు కూడా ఒంటరిగా దిగకూడదు. మేముండేది రెండో అంతస్తు. ఒకసారి దిగుతూ పడి కనుబొమ్మ చీలింది. బీరువా తలుపు తగిలిందని వీధికి చెప్పాం. మా ఇంట్లో బీరువా తలుపంత దుర్మార్గమైన వస్తువు ఇంకోటి లేదని వీధంతా అనుకుంటుంది.

ఆస్పత్రి వెనక, దీర్ఘరోగులకు ప్రభుత్వం ఇళ్లు కట్టింది. ఒక్కో గది, అన్నీ నేల మీదే, మెట్లు లేవు. ప్రతి గదిలో మంచం పక్కన ఒక గంట ఉంటుందట. నొక్కితే ఆస్పత్రి నుంచి నర్సు వస్తుందట. ఆ వార్త మా టీవీలోనే వచ్చింది. మా ఆయన లేచి నిలబడి "ఇదిగో, ఇంకో దోపిడీ" అన్నాడు. ఆడపడుచు సూది ఆపి వింది. ఆ మర్నాడు నన్ను పట్టుకుంది.

"వదినా, నేను దానికి పెట్టుకుంటాను. నాతో డాక్టరు దగ్గరికి రా."

"మీ అన్నయ్యకి చెప్పావా?"

"చెప్తే రెండు గంటలు మాట్లాడతాడు. నాకు ఒక్క గది చాలు వదినా. అక్కడ నిన్ను పిలిచే బదులు గంట నొక్కుతాను, అది మోగుతుంది. ఎవరూ సౌండు పెంచరు."

ఆమె నన్ను నిందించలేదు. మామూలుగానే అంది. సౌండు పెంచేది నేనే కాబట్టి నాకే తగిలింది. అలాగని నేనేమీ దేవతను కాను. ఆ పడమటి గది నాకు కావాలి. ఇన్నేళ్లుగా హాల్లో, టీవీ ముందు, ఆయన అభిప్రాయాల మధ్య పడుకుంటున్నాను. ఆమె వెళ్తే ఆమెకు సుఖం, నాకు తలుపున్న గది. రెండూ కలిసొచ్చాయి కాబట్టి మనస్ఫూర్తిగా వెంట వెళ్లాను. డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చాడు, దరఖాస్తు పెట్టాం.

అటు సెలూన్‌లో మా ఆయన ఏం చేస్తున్నాడో మాకు ముందు తెలియదు. తర్వాత నేనే కళ్లారా చూశాను కాబట్టి చెప్తున్నాను. ఆడపడుచు కుట్టిన చొక్కాలు ఇవ్వడానికి టైలరు కొట్టుకి వెళ్లాను. సెలూన్ సరిగ్గా దానికి ఎదురుగానే ఉంటుంది. అద్దం తలుపు తీసే ఉంది. మా ఆయన కుర్చీలో కూర్చున్నాడు, మొహం నిండా సబ్బు నురగ. చుట్టూ అరడజను మంది. బెంచీ మీద వార్డు మెంబరుగారు కూడా ఉన్నాడు.

"అధ్యక్షా! సర్టిఫికెట్లు ఎవడికైనా ఇస్తారు" అంటున్నాడు మా ఆయన. "గుండె జబ్బంటే చూడొచ్చు, కాలు లేదంటే చూడొచ్చు. ఈ ఫిట్సు గాళ్లున్నారే, వీళ్లని ఎలా పట్టుకుంటారు? ఆఫీసరు ముందు ఇలా పడతారు, ఇల్లు రాగానే లేచి బిర్యానీకి పోతారు."

"ఎలా పడతారు, చూపించండి" అన్నాడెవడో.

చూపించాడు. కుర్చీలోంచి కిందికి జారాడు. ముందు ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ముడుచుకుంది. బొటనవేలు గుప్పిట్లోకి పోయింది. మెడ కుడివైపుకి తిరిగింది. ఒక కన్ను సగం మూతపడింది. మడమలు టకటకా నేలకేసి కొట్టుకున్నాయి. మూతి దగ్గర సబ్బు నురగ ఎలాగూ ఉంది. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. మెంబరుగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.  అక్కడ నేల మీద పడున్నది మా ఆడపడుచు. వేలు, కన్ను, మెడ అన్నీ ఆమెవే. ఎన్నేళ్లో పక్కన నిలబడి చూసినవాడు తప్ప ఇంకొకడు అంత బాగా చేయలేడు.

"మరి దీనికి మందేంటి అధ్యక్షా?" అడిగాడు మెంబరుగారు.

ఆయన లేచి దుమ్ము దులుపుకుని చెప్పాడు. "చాలా తేలిక. బహిరంగంగా విచారించండి. పేరు చదవండి. ఇరుగుపొరుగు వాళ్లలో ఇద్దరు, ఈ మనిషి జబ్బు మేం కళ్లతో చూశాం అని చెప్పాలి. ఇంట్లో వాళ్ల మాట చెల్లదు. కన్నతల్లి చెప్పినా చెల్లదు. నిజంగా జబ్బుంటే వీధికి తెలియకుండా ఉంటుందా?"

మెంబరుగారికి అది మహా నచ్చింది. పైవాళ్లకు చెప్పాడు. పైవాళ్లకూ నచ్చింది. గదులు తక్కువ, అడిగినవాళ్లు ఎక్కువ. ఎవరినో ఒకరిని తీసేయడానికి ఒక మంచి మాట కావాలి, అది మా ఆయన నోట్లోంచి వచ్చింది. ముందుగా మా వార్డులోనే అమలు చేసి చూస్తామన్నారు. ఆ కబురు తెలిసిన రోజు ఆయన మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు.

"నా మాట చట్టమైంది" అన్నాడు.

"అయింది. మీ చెల్లెలు కూడా ఆ ఇంటికే పెట్టుకుంది" అన్నాను.

పొట్లం విప్పుతున్న చెయ్యి ఆగింది. ఆడపడుచు గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూడకుండా నాతోనే మాట్లాడాడు. "వెనక్కి తీసుకోమను."

"తీసుకోను అన్నయ్యా" అంది.

"రేపు అక్కడ నా చెల్లెలు నిలబడితే జనం ఏమనుకుంటారు? అందరికీ నీతులు చెప్పి సొంతవాళ్లని దూర్చాడనరూ?"

"నిజమే కదా చెప్తాను. నాకు జబ్బుంది కదా."

"ఉందని ఎవరికి తెలుసు?"

ఆ మాటకి నేను చేతిలోని రిమోటు వైపు చూసుకున్నాను. చివరికి ఆయనే అన్నాడు, నేను అడ్డుపడను, అలాగని నోరూ విప్పను, నా పేరెత్తొద్దు అని. దాన్నే పెద్ద త్యాగంలాగా చెప్పి మిఠాయి తిన్నాడు.

సాక్షుల కోసం నేను బయల్దేరాను. ముందు కింది వాటా కోడలి దగ్గరికి వెళ్లాను. ముసలాయన పోయిననాటి కోపం ఎప్పుడో పోయింది, ఇప్పుడు పంచదార చేబదులు దాకా వచ్చాం. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. విషయమంతా విని నన్ను వింతగా చూసింది.

"ఫిట్సా? మీ ఆడపడుచుకా? ఇన్నేళ్లుగా మీ కిందే ఉన్నాం అక్కా. మాకు మీ టీవీ తప్ప ఏమీ వినపడలేదే."

"ఆ టీవీ అందుకే పెట్టేదాన్నమ్మా."

"అధ్యక్షాగారు రాజకీయాలు చూస్తారు కదా?" అని, కాసేపాగి, గొంతు తగ్గించి అంది. "అక్కా, నాకు మీరంటే గౌరవం. ఇంటి కోసం అబద్ధం చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. అధ్యక్షాగారే చెప్పారు కదా, చూసిందే చెప్పాలని."

టైలరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఆమె కుట్టిన కాజా ఒకటి వెలుతురుకి పట్టి చూపించాడు. "చూడండమ్మా, ఒక్క కుట్టు వంకర లేదు. ఫిట్సున్న చెయ్యి ఇలా కుడుతుందా? నేను వెళ్లి ఏమని చెప్పను?" ఆమె పనితనం ఆమెకు శత్రువైంది. ఇంటికొచ్చి ఎవరూ రామన్నారని చెప్పాను. ఆమె దారం కొరికి, "మెట్ల మీద పడిన రోజు ఎవరైనా చూసుంటే బాగుండేది" అంది.

విచారణ బడి హాల్లో పెట్టారు. పిల్లల బెంచీలు, పెద్దవాళ్ల మోకాళ్లు. ముందు ఒక బల్ల, బల్ల వెనక ఆఫీసరమ్మ, పక్కన మెంబరుగారు, మధ్యలో మైకు. మా ఆయనకు మొదటి వరసలో కుర్చీ వేశారు. ఇంట్లో కూర్చున్నట్టు అక్కడ కూడా చెప్పులు విప్పి కాలి మీద కాలేసుకుని కూర్చున్నాడు.

మా వీధి వాచ్‌మన్‌ని ముందు పిలిచారు. గుండె జబ్బు. పాపం, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరో లేచి, నిన్న ఇతను డాబా మీద వాటరు ట్యాంకు దాకా ఎక్కాడు, నేను చూశాను అన్నాడు.

"ఎక్కాను బాబూ" అన్నాడు వాచ్‌మన్. "ఎక్కకపోతే ఉద్యోగం తీసేస్తారు. ఎక్కి అక్కడే పడుకుండిపోయాను."

"ఎక్కావా లేదా? అది చెప్పు" అన్నాడు మా ఆయన, కూర్చున్న చోటినుంచే.

"ఎక్కాను."

జనం గొల్లుమన్నారు. ఆఫీసరమ్మ అతని పేరు కొట్టేసింది. అతను ఎవరికి దండం పెట్టాలో తెలియక అందరికీ పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత మా ఆడపడుచు పేరు చదివారు. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. పాతది కట్టుకోమని నేను పోరాను. "అబద్ధం చెప్పడానికి వెళ్లట్లేదు కదా వదినా" అని వినలేదు. నిద్రపోలేదు, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నడుచుకుంటూ బల్ల ముందుకు వెళ్లి నిలబడింది. వెనక బెంచీలో ఎవరో "ఇంత నీటుగా ఉంది, ఈవిడకేం రోగం?" అన్నారు.

"ఈమె జబ్బు చూసినవాళ్లు చేతులెత్తండి" అంది ఆఫీసరమ్మ. "కుటుంబసభ్యులు కాకుండా."

నేను ఎత్తాను. "నేను చూశాను. ఒకసారి కాదు, లెక్కలేనన్ని సార్లు. నా ఒళ్లోనే పడింది."

"మీరేమవుతారు?"

"వదినని. పరాయి ఇంటి నుంచి వచ్చినదాన్నే. రక్తసంబంధం లేదు."

అందరూ నవ్వారు. ఒక ఇంట్లో ఉంటారు కాబట్టి కుదరదని ఆఫీసరమ్మ మర్యాదగానే చెప్పింది. ఇంకెవరైనా అని అడిగింది. కింది వాటా కోడలు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. టైలరు కిటికీలోంచి బయటికి చూశాడు. 

"మన అధ్యక్షా చెల్లెలు కదూ?" అన్నాడు మెంబరుగారు మైకులో. "అధ్యక్షా, నీకు తెలియకుండానా?"

మా ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "వదినా" అంది. పిలుపు చివర్లో సాగింది, తెగింది.

నా చెయ్యి సంచిలోకి పోయింది. రిమోటు అక్కడే ఉంది, అలవాటుగా వేసుకొచ్చాను. హాలు మధ్యలో నిలబడి, లేని టీవీ కోసం రిమోటు పట్టుకుని వెతుకుతున్నాను. ఆమె పడింది. తల బల్ల కోడుకి తగిలిన చప్పుడు మైకులో వినపడింది. ముందు ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ముడుచుకుంది. బొటనవేలు గుప్పిట్లోకి పోయింది. మెడ కుడివైపుకి తిరిగింది. ఒక కన్ను సగం మూతపడింది.

 వీధి మొత్తం చూస్తోంది, ఇప్పుడిక ఇద్దరు కాదు, ఎంతమంది కావాలంటే అంతమంది సాక్షులున్నారు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, అంత తెలివితక్కువదాన్ని.

"ఓరి దేవుడా!" అన్నాడు సెలూనతను. "అచ్చం అధ్యక్షా చేసినట్టే చేస్తోంది!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇంక ఆగలేదు. సెలూన్‌లో చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్తున్నారు, చూడు, బొటనవేలు చూడు, ఇప్పుడు మడమలు కొడుతుంది చూడు. మడమలు కొట్టుకున్నాయి. చప్పట్లు పడ్డాయి. "అన్నయ్య ఇంట్లో బాగా ట్రైనింగ్ ఇచ్చాడు" అని ఒకడు. "నురగేదీ, సబ్బు తేవడం మర్చిపోయిందా?" అని ఇంకొకడు. నేను బెంచీల మధ్యలోంచి తోసుకుంటూ వెళ్లి ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాను. కనుబొమ్మ మళ్లీ చీలింది. ఈసారి ఏ బీరువా మీదా పెట్టలేం.

ఆఫీసరమ్మ లేచి నిలబడింది. ఆమె నవ్వలేదు. నేరుగా మా ఆయన్నే అడిగింది. "ఏమండీ, రూలు సంగతి పక్కన పెట్టండి. ఇది నిజమా? మీరు అవునంటే నేను రాసుకుంటాను."

ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. కానీ అంటే సెలూన్‌లో నవ్వినవాళ్లంతా ఈసారి ఆయన్ని చూసి నవ్వుతారు. ఆయన లేచాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. నా కాళ్ల పక్కనుంచే, చెల్లెలి పాదాలు తగలకుండా దాటి, మైకు అందుకున్నాడు.

"అధ్యక్షా!" అన్నాడు.

హాలు అదిరింది. "ఈ రాష్ట్రం ఎటు పోతోంది? ఎవరి సొమ్ముతో ఎవరికి ఇళ్లు? ప్రజలు చెమటోడ్చి పన్నులు కడుతుంటే..." అని అందుకున్నాడు. రోడ్లన్నాడు, బస్సులన్నాడు, కరెంటు చార్జీలన్నాడు. ఆయన గొంతు పెరిగే కొద్దీ కింద మడమల చప్పుడు వినపడకుండా పోయింది. పళ్ల చప్పుడు పోయింది. ఆమె గొంతులోంచి వచ్చే మూలుగు కూడా పోయింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. రోజూ నేను పెంచే గొంతే. నేను రిమోటుతో చేసేది ఆయన నోటితో చేస్తున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద విసుక్కున్నాను, నవ్వుకున్నాను. అసహ్యించుకోవడం మాత్రం అప్పుడే మొదలుపెట్టాను.

జనం చప్పట్లు కొట్టారు. సొంత చెల్లెలినైనా వదల్లేదు, మనిషంటే ఇలా ఉండాలి అన్నాడు మెంబరుగారు. ఆఫీసరమ్మ కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, తర్వాత ఆడపడుచు పేరు కొట్టేసింది.

ఆమెకు తెలివొచ్చేసరికి ఇంకా ఎవరో నవ్వుతూనే ఉన్నారు. చీర తడిసింది. కప్పడానికి తువ్వాలు ఏదీ లేక సంచి అడ్డం పెట్టి నడిపించుకుంటూ తీసుకొచ్చాను. దారిలో అడిగింది, "అన్నయ్య చేసినట్టే చేశానంటున్నారు, ఏంటి వదినా?" అని. ఇంక దాచే ఓపిక నాకు లేదు. సబ్బు నురగ దగ్గర్నుంచి బొటనవేలి దాకా చెప్పేశాను.  ఆమె మెట్లు నా చెయ్యి పట్టుకోకుండా ఎక్కింది.

ఆయన సాయంత్రం వచ్చాడు. మెడలో ఎవరో వేసిన దండ తీసి టీవీ మీద పెట్టి, కుర్చీలో కూర్చుని చర్చ పెట్టించుకున్నాడు. మా మొహాలు చూడలేదు. ఆడపడుచు నుదుటికి కట్టుతో తన గదిలోంచి వచ్చింది. వచ్చి సరిగ్గా ఆయనకీ టీవీకీ మధ్య, నేల మీద కూర్చుంది.

"అన్నయ్యా, సెలూన్‌లో చేశావట కదా. నాకూ ఒకసారి చేసి చూపించు."

"ఏంటది?"

"నేను పడితే ఎలా ఉంటానో నేనెప్పుడూ చూడలేదు. వీధంతా చూసింది. నేనే చూడలేదు." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. "ముందు ఎడమ చెయ్యట కదా?"

ఆయన ఆమె తల మీదుగా టీవీ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, సౌండు పెంచమన్నట్టు. అంతకు ముందెప్పుడూ అంత దీనంగా అడగలేదు. రిమోటు నా చేతిలోనే ఉంది.

టీవీ కట్టేశాను.

మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేను కాపురానికి వచ్చాక వినలేదు. కింది వాటాలో గిన్నె కడుగుతున్న చప్పుడు వినపడుతోంది. అంటే మా మాటలు కూడా వాళ్లకు వినపడుతూ ఉండాలి.

"చెయ్యి అన్నయ్యా" అంది ఆమె, కిందికి కూడా వినపడేంత గట్టిగా. "నేను నవ్వనులే."